అచ్చుతప్పు ఎవరి సొత్తు?

ఈబేలో వేలానికి పెట్టిన వస్తువుల్ని వెతకాలంటే ఈబే వెబ్‌సైట్‌లోకే వెళ్ళాలని లేదు. పైథాన్‌లో దీనికి ఈబేఎస్‌డీకే అని ఒక లైబ్రరీ వాడేవాళ్ళు. ఇప్పుడైనా డెవలపర్ ఖాతా తెరిచి ఒక కీ తెచ్చుకుని, పది పదిహేను లైన్లు రాస్తే చాలు. ఏ మాట కోసం వెతకాలి, వేలాలు మాత్రమే కావాలా, ధర ఎంతకి మించకూడదు, త్వరగా ముగిసేవి ముందు రావాలా అన్నవి రాసి పంపిస్తే, జవాబుగా ఒక్కో వస్తువుకీ శీర్షిక, ఫోటో లింకు, ప్రస్తుతం పాట ఎంత దగ్గరుంది, ఎప్పుడు ముగుస్తుంది అన్నీ వరసగా వచ్చేస్తాయి. దాన్ని పదిహేను నిమిషాలకోసారి దానంతటదే నడిచేలా పెట్టుకుంటే, మనం నిద్రపోతున్నా అది బజారు తిరుగుతూనే ఉంటుంది. చాలా ఏళ్ళు ఈ పనికి వాడిన ఫైండింగ్ ఏపీఐని ఈబే 2025లో మూసేసింది. ఇప్పుడు దాని బదులు బ్రౌజ్ ఏపీఐ వాడాలి. పేరు మారింది గానీ పని అదే.

ఇంతవరకూ ఇందులో మంచీ చెడూ అనే ప్రశ్న ఏమీ లేదు. వెతకడం తప్పు కాదు, యంత్రంతో వెతికించడం అంతకన్నా కాదు. ప్రశ్న వచ్చేది ఒక్క లైను మార్చినప్పుడు. వెతకాల్సిన మాటని సరిగ్గా రాయకుండా, కావాలని తప్పుగా రాసినప్పుడు. ఒక అక్షరం ఎగరగొట్టి, రెండు అక్షరాలు తారుమారు చేసి, ఒత్తు ఉన్నచోట తీసేసి, ఒక మాటకి నలభై యాభై తప్పుడు రూపాలు పుట్టించడం ఒక చిన్న ఫంక్షన్ పని. అమ్మేవాడు శీర్షికలో స్పెల్లింగు తప్పు రాస్తే, సరైన స్పెల్లింగుతో వెతికేవాళ్ళకి ఆ వస్తువు కనిపించదు. కనిపించకపోతే పాటకి ఎవరూ రారు. ఎవరూ రాని వేలంలో ఒక్కడివే ఉంటే, నువ్వు చెప్పిందే ధర.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. 1852లో, ఆర్కిటిక్ మంచులో తప్పిపోయిన ఫ్రాంక్లిన్ బృందాన్ని వెతకడానికి బయల్దేరిన ఓడల కోసం ఇంగ్లండులో ఆల్సాప్ కంపెనీ ఒక ప్రత్యేకమైన బీరు కాచింది. ఆ బీరు సీసా ఒకటి, మూత తియ్యనిది, 2007లో ఈబేకి వచ్చింది. కంపెనీ పేరు చివర రెండు 'పీ'లు ఉండాలి. అమ్మేవాడు ఒకటే రాశాడు. 304 డాలర్లకి పోయింది. కొన్నవాడు పేరు సరిగ్గా రాసి మళ్ళీ వేలానికి పెడితే పాట అయిదు లక్షల డాలర్లు దాటింది. ఆ చివరి పాట నిజమైన అమ్మకంగా తేలలేదు, అది వేరే సంగతి. కానీ ఈ కథ చెప్పేవాళ్ళెవరూ ఆ మొదటి అమ్మేవాడి గురించి రెండో వాక్యం చెప్పరు. అతను కథలో ఒక అచ్చుతప్పుగానే మిగిలిపోయాడు.

చవగ్గా దొరికిన వస్తువు గురించి మనం తెలుగులో "కొట్టేశాను" అంటాం. "వెయ్యి రూపాయల పుస్తకం యాభైకి కొట్టేశా." దొంగతనానికీ అదే మాట. ఇలా అన్నందుకు ఎవరూ ఎవర్నీ దొంగ అనుకోరు, నవ్వుకుంటారు. అయినా రెండు పనులకీ ఒకే మాట ఎందుకు సరిపోయిందా అని ఒకసారి ఆగి ఆలోచించవచ్చు.

నీకు తెలిసింది ఎదుటివాడికి తెలియదు. తెలిస్తే ఈ ధరకి ఇవ్వడు, లేదా ఈ ధరకి కొనడు. చెప్పాలా? ఇది కంప్యూటర్లతో వచ్చిన ప్రశ్న కాదు. క్రీ.పూ. 44లో సిసెరో తన కొడుక్కి కర్తవ్యాల గురించి రాసిన పుస్తకంలో ఒక వ్యాపారి కథ పెట్టాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వ్యాపారి ధాన్యం ఓడతో వచ్చాడు. తన వెనకాలే ఇంకా బోలెడు ధాన్యం ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊళ్ళోవాళ్ళకి తెలియదు. చెప్పాలా, లేక నోరు మూసుకుని వచ్చినంత ధరకి అమ్ముకోవాలా? దీనిమీద ఇద్దరు స్టోయిక్ తత్వవేత్తలు, గురువు డయోజెనీస్, శిష్యుడు ఆంటిపేటర్, చెరో పక్షం తీసుకున్నట్టు సిసెరో రాశాడు. చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అని గురువు. సాటి మనుషుల మేలు చూడాల్సిన వాడివి, నీకు తెలిసింది వాళ్ళకీ తెలియాలి అని శిష్యుడు. సిసెరో తీర్పు శిష్యుడి పక్కనే పడింది. దాదాపు పదమూడు వందల ఏళ్ళ తర్వాత థామస్ అక్వినాస్ ఇదే కథ తీసుకుని మధ్యేమార్గం చెప్పాడు: చెప్పకపోతే న్యాయానికి విరుద్ధం కాదు, చెబితే మాత్రం అది ఇంకా మంచి గుణం.

ఆ కథలో తెలిసినవాడు అమ్మేవాడు. మన ప్రోగ్రాము విషయంలో తెలిసినవాడు కొనేవాడు. దానికి దగ్గరగా ఉండేది 1817లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన లెయిడ్‌లా వర్సెస్ ఆర్గన్ కేసు. బ్రిటన్‌తో యుద్ధం వల్ల న్యూ ఆర్లీన్స్ రేవు మూతపడి పొగాకు ధర పడిపోయి ఉంది. 1815 ఫిబ్రవరిలో ఒక ఉదయం, సంధి కుదిరిందన్న వార్త ఊళ్ళో పొక్కకముందే ఆర్గన్ అనే వ్యాపారికి తెలిసింది. తెల్లవారగానే వెళ్ళి లెయిడ్‌లా కంపెనీ దగ్గర 111 పీపాల పొగాకు బేరం ముగించాడు. అమ్మేవాళ్ళలో ఒకాయన అడిగాడు కూడా, ధర పెరిగేలాంటి కబురేమైనా ఉందా అని. వార్త బయటికి రాగానే ధర లేచింది. కోర్టుకెక్కారు. కొనేవాడు తనకి తెలిసింది చెప్పి తీరాల్సిన పనిలేదు అని ప్రధాన న్యాయమూర్తి మార్షల్ తేల్చాడు. కానీ అక్కడితో ఆగలేదు. ఎదుటివాణ్ణి పక్కదారి పట్టించే మాటగానీ చేతగానీ ఉండకూడదు, అలాంటిది జరిగిందో లేదో జ్యూరీ చూడాలి అని కేసు వెనక్కి పంపాడు.

మన 1872 కాంట్రాక్టు చట్టంలోనూ ఇదే నడుస్తుంది. పదిహేడో సెక్షను ప్రకారం ఊరికే మౌనంగా ఉండటం మోసం కాదు. దానికింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చం పొగాకు కేసులా ఉంటుంది: ఇద్దరు వ్యాపారులు, ధరల మార్పు గురించి ఒకడికి లోపాయికారీగా తెలిసింది, రెండోవాడికి చెప్పాల్సిన బాధ్యత లేదు. అయితే దాని పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. గుర్రాన్ని కొంటున్నది అమ్మేవాడి కూతురే, అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల. అప్పుడు గుర్రానికున్న లోపం తండ్రి చెప్పి తీరాలి. అంటే చట్టం కూడా మౌనం ఒప్పా తప్పా అని గాల్లో అడగడంలేదు. ఎవరి ముందు మౌనం అని అడుగుతోంది. వ్యాపారి ముందు వ్యాపారి మౌనం ఒకటి, ఇప్పుడిప్పుడే లోకంలోకి వచ్చిన పిల్ల ముందు తండ్రి మౌనం ఇంకొకటి.

ఈ పాత కేసులన్నిటిలో ఒక సంగతి గమనించాలి. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. అమ్మేవాడు "కబురేమైనా ఉందా?" అని అడగగలిగాడు. అడిగినప్పుడు కొనేవాడి మొహం చూడగలిగాడు. బేరంలో మొహం చిన్న విషయం కాదు. చీర నచ్చినా మొహంలో కనిపించనివ్వకు అని పెద్దవాళ్ళు చెప్పేది అందుకే. ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు అమ్మేవాడికి తెలుగు నవలల మొదటి ముద్రణలేవో తెలియకపోవచ్చు, కానీ కొనేవాళ్ళ చేతులు తెలుసు. నువ్వు ఒక పుస్తకాన్ని తీసి, వెనకాల పేజీ చూసి, పెట్టేసి, ఇంకో నాలుగు పుస్తకాలు తిరగేసి, మళ్ళీ దాని దగ్గరికే వస్తే, ఇరవై చెప్పాల్సినవాడు వంద చెబుతాడు. పుస్తకం విలువ తెలియకపోయినా నీ కోరిక విలువ అతనికి తెలుస్తుంది. తెలియనివాడికి లోకం ఇచ్చిన రక్షణ అది. ప్రోగ్రాముకి మొహం లేదు. పదిహేను నిమిషాలకోసారి వచ్చి చూసిపోతున్నా దాని ఆత్రం అమ్మేవాడికి కనపడదు. కాబట్టి అడగాలన్న అనుమానమే అతనికి రాదు. మార్షల్ చెప్పిన "పక్కదారి పట్టించే మాట" ఒక్కటి కూడా నువ్వు అనక్కర్లేదు, ఎందుకంటే మాట్లాడే సందర్భమే లేదు.

అమ్మేవాడికి వేలంలో ఇంకో రక్షణ కూడా ఉండాలి. అసలు తనకి ధర తెలియకపోయినా ఫరవాలేదు అనే కదా ఎవరైనా వేలానికి వెళ్ళేది! బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షల పైన. ఆ ధర పిండిదీ నేతిదీ కాదు, చుట్టూ చేరిన జనానిది. వేలంవెర్రి అనే మాట మనకి ఊరికే పుట్టలేదు. "నాకు తెలియదు, నలుగురూ వచ్చి తేల్చండి" అని అమ్మేవాడు వస్తువుని మధ్యలో పెడతాడు. అంటే ఆన్‌లైన్ వేలంలో అమ్మేవాడు కమిషను కడుతున్నది ఆ నలుగురి కోసం. శీర్షికలో ఒక అక్షరం పోగానే ఆ నలుగురూ రాలేదు. రాలేదని అతనికి తెలియదు. తెలిసింది నీకొక్కడికే. నీ లాభం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే, నీ చదువు నుంచి కాదు, నీ అభిరుచి నుంచి కాదు, ఆ ఖాళీ కుర్చీల నుంచి.

ఇక్కడ నేను ఒక గీత గీయాలనుకుంటున్నాను. వస్తువు గురించిన తెలివి వేరు, ఎదుటివాడి పొరపాటు గురించిన తెలివి వేరు. కానీ ఈ గీత అనుకున్నంత సులువుగా పడదు. దానికి మన భాషే సాక్ష్యం.

పాత తెలుగు పుస్తకాల కోసం ఇలాంటి ప్రోగ్రాము ఒకటి నేను కూడా రాసుకున్నాను. దానికి 'తెలుగు' అని ఒక్క మాట ఇస్తే పెద్దగా ఏమీ రాదు. 1814లో విలియం కేరీ రాసిన వ్యాకరణం పేరులో మన భాష 'తెలింగ'. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ వ్యాకరణంలో 'టెలూగూ', అన్నీ 'ఓ'లే. ఆ మరుసటి ఏడు విలియం బ్రౌన్ రాసిన వ్యాకరణంలో 'జెంటూ'. ఇప్పుడు మనం ఇంగ్లీషులో రాసే రూపం 1840లో సి.పి. బ్రౌన్ వ్యాకరణంలో కనిపిస్తుంది. ఇవి కాక 'టెలెగు' అని రాసేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. కాబట్టి ప్రోగ్రాములో ఒక జాబితా పెట్టి, దానిమీద లూపు తిప్పాలి. జాబితాలో 'జెంటూ' అని రాయడం పొరపాటు మీద వేట కాదు. రెండు వందల ఏళ్ళ కింద పరాయివాళ్ళు మన భాషని ఏమని పిలిచారో తెలిసి ఉండటం. అది చదువు. అదే జాబితాలో 'టెలెగు' అని రాస్తే? సగం చదువు, సగం వేట. అక్షరాలు తారుమారు చేసి పుట్టించిన 'టెుల్గూ', 'టెగులు' లాంటివి చేరిస్తే? అది పూర్తిగా వేట. లూపుకి ఇవన్నీ ఒకటే. ఒక్కో మాటా తీసుకుంటుంది, అడుగుతుంది, వచ్చింది తెచ్చి పడేస్తుంది. కోడ్ చూసి ఏది చదువో ఏది వేటో ఎవరూ చెప్పలేరు. రాసినవాడు చెప్పాలి, అదీ తనకి తాను.

అందుకే గీత కోడ్‌లో కాకుండా ఇంకోచోట వెతకాలి. నాకు పనికొచ్చిన పరీక్ష ఇది. ఈ లిస్టింగు సరిగ్గా రాసి, ధర దానికి తగ్గట్టు ఉంటే, నీకు ఆ వస్తువు ఇంకా కావాలా? అంత డబ్బు నీ దగ్గర లేకపోవచ్చు, అది వేరు. కావాలా, అక్కర్లేదా? కావాలి అంటే నువ్వు వెతుకుతున్నది పుస్తకాన్ని. తప్పు దిద్దగానే నీ ఆసక్తి పోతే, నువ్వు వెతుకుతున్నది పుస్తకాన్ని కాదు, తప్పుని. పుస్తకం ఆ తప్పుకి చుట్టిన కాగితం మాత్రమే.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి.

మొదటిది ఆంథొనీ క్రోన్‌మన్ 1978లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలోంచి తీసుకోవచ్చు. అనుకోకుండా తెలిసిన సమాచారం వేరు, ఖర్చు పెట్టి కష్టపడి సంపాదించిన సమాచారం వేరు అంటాడాయన. రెండోదాన్ని కూడా ఊరికే చెప్పేయాలి అంటే ఇక ఎవరూ కష్టపడరు, సమాచారమే పుట్టదు. ఈ లెక్కన ప్రోగ్రాము రాసినవాడు కష్టపడినవాడే. కోడ్ రాశాడు, పరీక్షించాడు, నడుపుతున్నాడు. నిజమే. కానీ ఆ కష్టంతో లోకంలోకి కొత్తగా ఏం వచ్చింది? 'జెంటూ' అంటే తెలుగే అని తెలిసినవాడు, ఇంగ్లండులో ఎవరి అటక మీదో పడి ఉన్న పుస్తకం ఫలానా అని గుర్తుపడితే, అది అంతకుముందు లేని తెలివి. ఆ పుస్తకం ఒక పాఠకుడి దగ్గరికి చేరుతుంది. తప్పు స్పెల్లింగు పట్టుకున్నవాడికి తెలిసింది మాత్రం అమ్మేవాడికి కూడా తెలిసిందే, చేతి వేళ్ళు జారాయి అంతే.

రెండో అభ్యంతరం దీనికన్నా పదునైనది. నువ్వు రాకపోతే ఆ వస్తువుకి ఒక్క పాటా పడేది కాదు. అమ్ముడుపోకుండా ఉండేది. నీ వల్ల ఎంతో కొంత వచ్చింది, నష్టమేముంది? దీన్ని కొట్టిపారెయ్యలేం. కానీ అమ్ముడుపోని వస్తువు అమ్మేవాడికి ఒక మాట చెబుతుంది: ఎక్కడో ఏదో తేడా ఉంది, మళ్ళీ చూసుకో అని. అతను శీర్షిక మళ్ళీ చదువుకుంటాడు, ఇంట్లో పిల్లల్నెవర్నో అడుగుతాడు, దిద్దుకుంటాడు. చవగ్గా అమ్ముడుపోయిన వస్తువు ఏమీ చెప్పదు. ఇంతే ధర కాబోలు అని సర్దుకుపోతాడు.

మూడోది: అమ్మేవాళ్ళంతా అమాయకులా? వేలకొద్దీ వస్తువులు పెట్టి అమ్మే డీలరు, మనిషిని పెట్టి శీర్షికలు సరిచూపించే ఖర్చు మిగుల్చుకుంటున్నాడు. అతని నిర్లక్ష్యానికి ఫలితం అతను పడాల్సిందే. కొనేది స్టైపెండు మీద బతికే విద్యార్థి అయితే, దయ చూపించాల్సింది ఎవరు ఎవరి మీద? ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. కాంట్రాక్టు చట్టంలోని రెండు ఉదాహరణలు చెప్పింది కూడా ఇదే. వ్యాపారికీ వ్యాపారికీ మధ్య మౌనం ఆటలో భాగం. ప్రశ్నల్లా, ఎదురుగా ఉన్నది వ్యాపారా, తండ్రి పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ ఆయన అలమరలోవి ఒక్కొక్కటీ ఫోటో తీసి పెడుతున్న కూతురా అన్నది. ప్రోగ్రాముకి ఇది ఎలా తెలుస్తుంది?

తెలుస్తుంది. నన్ను ఈ వ్యాసం రాయడానికి కూర్చోబెట్టింది ఈ చిన్న వివరమే. ఫైండింగ్ ఏపీఐలో వెతుకులాటకి పెట్టగలిగే ఫిల్టర్లలో ఫీడ్‌బ్యాక్ స్కోర్ మిన్, ఫీడ్‌బ్యాక్ స్కోర్ మ్యాక్స్ అని రెండుండేవి. ఫీడ్‌బ్యాక్ స్కోరంటే ఆ అమ్మకందారు ఇదివరకు చేసిన లావాదేవీల మీద జనం ఇచ్చిన మార్కుల మొత్తం. మొదటి ఫిల్టరు ఎందుకో వెంటనే అర్థమవుతుంది. అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరే కొంటాను, మోసపోకుండా ఉంటాను. రెండోది? స్కోరు పది మించని వాళ్ళని మాత్రమే చూపించు అని అడగటానికి పనికొస్తుంది. అంటే కొత్తవాళ్ళని, ధరలు తెలియనివాళ్ళని, ఇది తప్ప ఇంకేదీ ఎప్పుడూ అమ్మి ఉండని వాళ్ళని. కొత్త బ్రౌజ్ ఏపీఐ కూడా ప్రతి వస్తువుతో పాటు అమ్మేవాడి స్కోరు పంపిస్తుంది, వడపోత మనమే ఒక లైనులో రాసుకోవచ్చు.

ఆ ఒక్క లైనుతో పని స్వభావమే మారిపోతుంది. అప్పటిదాకా మనిషి వస్తువుని వెతుకుతున్నాడు, మహా అయితే తప్పుని వెతుకుతున్నాడు. ఇప్పుడు వెతుకుతున్నది మనుషుల్ని, బలహీనతని బట్టి. కాంట్రాక్టు చట్టంలో గుర్రం కొంటున్న ఆ పిల్ల ఎక్కడుందో చూపించమని యంత్రాన్ని అడగటం అది. నాకు తెలియదు, వ్యాపారే అనుకున్నా అని తర్వాత చెప్పుకునే వీలు కూడా ఉండదు. నువ్వే అడిగి తెలుసుకున్నావు.

ఇదే లైను తిరగేసి కూడా రాయొచ్చని గుర్తుపెట్టుకోవాలి. స్కోరు పది లోపుంటే ఆ వస్తువుని వేరే జాబితాలో వెయ్యి, పాట పాడేముందు నేను ఒకసారి స్వయంగా చూస్తాను అని. పరికరం చేతిలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి అనే మామూలు మాట చెప్పడంలేదు నేను. ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద కొనేవాడికి అమ్మేవాడి బలహీనత ఎంతో కొంత కంటికి కనబడేది, కనబడినందుకు ఎక్కడో గుచ్చుకునేది. ఇప్పుడు ఆ కనబడటం ఒక ఎంపిక అయింది. ఆ కాలమ్ తెప్పించుకోకపోతే కనబడదు. తెప్పించుకుని వేటకి వాడొచ్చు. తెప్పించుకుని ఆగడానికీ వాడొచ్చు. ఆన్‌లైన్‌లో ఎదుటివాడి మొహం అంటూ ఏదైనా మిగిలి ఉంటే, అది ఆ అంకె.

ఇవన్నీ మనుషుల మీద ఎందుకు పెట్టాలి, కంపెనీ నియమాలు పెట్టొచ్చు కదా అని అడగొచ్చు. నియమాలు ఉన్నాయి, వాటికీ ఒక చరిత్ర ఉంది. 1999 చివర్లో ఈబే, బిడ్డర్స్ ఎడ్జ్ అనే కంపెనీ మీద కేసు వేసింది. అది రకరకాల వేలం సైట్లని ప్రోగ్రాముతో చదివి ఒకేచోట చూపించేది. ఈబే సర్వర్లని రోజుకి దాదాపు లక్షసార్లు తాకుతోందని లెక్క తేలింది. 2000లో కోర్టు దాన్ని ఆపమని ఆదేశించింది. కారణం, ఒకరి సొత్తులోకి అనుమతి లేకుండా చొరబడటం. సొత్తంటే ఇక్కడ సర్వర్లు. ఏపీఐలకి రోజుకి ఇన్ని కాల్సే అని పరిమితులు ఉండేది కూడా ఆ కోవలోనే. సర్వరు అలసిపోకుండా చూడటానికి ఇంత లెక్క ఉంది. అవతల అమ్ముతున్న మనిషి గురించి అలాంటి లెక్క లేదు. పరిమితి దాటితే ఎర్రర్ వస్తుంది. కొత్తవాళ్ళనే ఏరుకుంటే రెండు వందల కోడ్ వస్తుంది, అంతా సవ్యం అని. మా వృత్తిలో ఆ రెండు వందలకి అలవాటు పడిపోతాం. అది 'అడిగింది దొరికింది' అని చెబుతుంది గానీ, 'అడగొచ్చు' అని చెప్పదు.

నియమాలు మారిస్తే మనుషులు మారతారన్నది నిజమే. ఈబేలో వేలం ఫలానా సెకనుకి ముగుస్తుంది, అందుకే చాలామంది చివరి క్షణంలో పాట పాడతారు. అమెజాన్ ఒకప్పుడు వేలాలు నడిపినప్పుడు, చివర్లో ఎవరైనా పాడితే ఇంకో పది నిమిషాలు పొడిగించేది. అక్కడ ఈ చివరి క్షణపు తొందర చాలా తక్కువని రాత్, ఆకెన్‌ఫెల్స్ 2002లో చూపించారు. అలాగే శీర్షికల్లో స్పెల్లింగులు వెతుకులాటే దిద్దుకునేలా చేస్తే అక్షరదోషాల వేట చాలావరకు తగ్గిపోతుంది. చెయ్యాలి కూడా. కానీ 'జెంటూ' అని రాసిన పుస్తకాన్ని, 'గుర్తు తెలియని భారతీయ లిపి' అని రాసిన తాటాకుల కట్టని ఏ దిద్దుబాటూ పట్టుకోదు. అక్కడ ఫోటో చూసి "ఇది మన తెలుగే" అని గుర్తుపట్టే ఒక మనిషి మిగులుతాడు. అతనికి తెలుసు, అవతలివాళ్ళకి తెలియదు. మళ్ళీ రోడ్స్ ద్వీపమే.

అప్పుడేం చెయ్యాలి? సిసెరో పుస్తకంలోనే ఇంకో మనిషి ఉన్నాడు, స్కెవోలా అని. ఒక పొలం కొనబోతూ, బేరాలొద్దు, ఒక్కటే ధర చెప్పు అన్నాడట. అమ్మేవాడు చెప్పాడు. నా లెక్కలో దీని విలువ ఇంకా ఎక్కువ అని, లక్ష సెస్టర్సులు కలిపి ఇచ్చాడట. మంచివాడి పనే అని అందరూ ఒప్పుకుంటారు గానీ, తెలివైనవాడి పని అని ఒప్పుకోరు అని కూడా అక్కడే ఉంది. సిసెరోకి ఆ రెండింటినీ విడదీయడమే నచ్చలేదు.

అందరూ స్కెవోలా కావాలని నేను అనను. చదువుతో గుర్తుపట్టినదానికి ఏళ్ళ తరబడి చదివినందుకు వచ్చిన చిన్న జీతంగా తక్కువ ధరని తీసుకోవడంలో నాకు తప్పు కనిపించదు. ఆబిడ్స్‌లో ఆదివారాలు గడిపినవాళ్ళెవరూ అందుకు సిగ్గుపడక్కర్లేదు. తప్పుల్ని పుట్టించి వాటికోసం వల వెయ్యడం నాకు నచ్చదు, కానీ అవతల డీలరు ఉంటే దాన్ని అన్యాయం అనను. కొత్తవాళ్ళని ఏరుకోవడం మాత్రం అన్యాయమే. చట్టం ఏమన్నా, రెండు వందల కోడ్ ఏమన్నా. ఇక చదువుతో గుర్తుపట్టినదే అయినా, అమ్మేవాళ్ళు కొత్తవాళ్ళు, ఇంట్లోవి తీసి పెడుతున్నారు అని వాళ్ళ రాతలోనే తెలుస్తున్నప్పుడు, నా తెలివి నాదే అయినా నా మౌనం నా ఒక్కడిదే కాదు. అలాంటి ప్రతి లిస్టింగు కింద అమ్మేవారిని ఏదైనా అడగడానికి ఒక లింకు ఉంటుంది. అది అడగడానికే పెట్టారు గానీ, చెప్పడానికీ పనికొస్తుంది. "మీరు పెట్టిన పుస్తకం ఫలానా భాషది, ఫలానా కాలానిది, శీర్షిక ఇలా మార్చుకోండి." రెండు వాక్యాలు.

దానివల్ల ఏమవుతుందో తెలుసు. శీర్షిక మారుతుంది, నలుగురూ వస్తారు, పాట పెరుగుతుంది, పుస్తకం మనకి రాకపోవచ్చు. ఆ పుస్తకం నిజంగా కావాల్సినవాడికి అది బాధే. అయినా పుస్తకం తన అసలు పేరుతో, అది ఏమిటో తెలిసిన ఇంకొకరి దగ్గరికి చేరింది. వెతుకుతున్నది పుస్తకాన్నే అయితే, ఆ సంగతి ఆ బాధని కొంతైనా తగ్గించాలి. తగ్గించకపోతే, మన లూపు దేనికోసం తిరుగుతోందో ఇంకోసారి చూసుకోవాలి.